కాకిబంగారం

రాత్రి పదకొండు దాటితే ఆ హాలు నాది.
నాదీ, తుడుపుకర్రదీ,
తలుపుకాడ కునికే నేపాలీ తేజ్‌బహదూర్‌దీ.
బయట సాయంత్రం నుంచీ దుమారం.
కువైట్ ఇసుకకు తాళాలు లెక్కలేదు,
అద్దాల సందుల్లోంచి దూరి
నడిమధ్య పెట్టిన నమూనా ఊరి మీద పడుతుంది.
సూర్యుడి గోపురం, చంద్రుడి గోపురం,
చచ్చినోళ్ళ బాట అనే పెద్ద వీధి,
అన్నీ నా మోచేతి ఎత్తు.
మెత్తటి బ్రష్షుతో మెట్టుమెట్టూ ఊడుస్తాను.
ఒక నగరం మొత్తం ఊడ్చడానికి నలభై నిమిషాలు.

తియోతివాకాన్.
ఆ పేరుకు నోరు తిరగడానికి నాకు వారం పట్టింది.
అదీ దాని పేరు కాదంట.
పాడుబడ్డ వందల ఏళ్ళకు
దోవన వచ్చినోళ్ళెవరో పెట్టిందంట.
కట్టినోళ్ళు ఏమని పిలుచుకున్నారో
తెలిసినోళ్ళు లేరు.
నన్నూ ఇక్కడ మరియం అంటారు.
మస్తానమ్మ అనడం సూపర్‌వైజరు హాతెంకు కష్టం.

ఆ మూల గోడముక్క మీద ఈకల పులి.
దాని నోటి ముందు చుట్టుకుపోయిన తీగె ఒకటి.
మాటను వాళ్ళు అట్ట గీసేవాళ్ళంట,
పాటయితే తీగెకు పూలు పూస్తాయంట.
ఐదేళ్ళుగా నా నోటి ముందు ఎవరన్నా గీసుంటే
ఐవా, ఖలాస్, బుక్రా,
మూడు పొట్టి తీగెలు.

నేను చెప్పాలనుకున్నది ధూపం కుండ గురించి.

మట్టిది. గుడి వాకిలిలా పైకి లేచిన మూత,
నడుమ పెదాలు బిగించిన మొహం,
ముక్కుకు కమ్మీ, చెవులకు ఇంతింత దుద్దులూ.
దీపాలు సగం ఆర్పాక చూశాను.
చుట్టూ అతికించిన గుండ్రటి బిళ్ళలు
లోపల్నుంచి ఎవరో రెప్పేసినట్టు మెరిశాయి.
తడిగుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

వెండి కాదు. గాజు కాదు.
సైదాపురం.

తగరపు షెడ్డు కింద ముప్పైమంది ఆడోళ్ళం.
అభ్రకం బుక్కును మోకాళ్ళ మధ్య పెట్టి
వంకీ కత్తి అంచుకు ఆనిస్తే
ఎక్కడ విడిపోవాలో అదే చెబుతుంది.
బలం పెడితే చిట్లుతుంది.
ఊపిరి పట్టి, గోరంత తోవ ఇవ్వాలి.
సందేళకు జుట్లో మెరుపు, కూట్లో మెరుపు,
చంటిది దగ్గినా మెరుపే.
గని మూతపడ్డాక గుంటలో వాననీళ్ళు నిలిచాయి,
మేం తలా ఒక ఏజెంటు పాలబడ్డాం.
బంగారం బంగారం అని ఇంత దూరం వస్తే
కాకిబంగారం నా కంటే దూరం నుంచి వచ్చి
కూర్చోనుంది.

పెట్టెలతో పాటు మెక్సికో నుంచి వచ్చిన ఇమెల్డా
ఏదో చెబుతుంటే, ఎలక్ట్రీషియన్ ఫయాజ్
నాకు తెలుగు చేశాడు.
అది ఆ ఊళ్ళో దొరికేది కాదంట.
దూరపు సీమ నుంచి మోసుకొచ్చి
ఒక పెద్ద కట్టడంలో నేల కింద
పరుపుల్లాగా పరిచి, పైన మూసేశారంట.
కనపడకపోతే ఎందుకు? అన్నాను.
ఇమెల్డా భుజాలెగరేసింది.
ఆ సీమోళ్ళకు ఊరి పడమట ఒక పేట ఉండేదంట,
తరాల తరబడి అక్కడే బతికినా
చచ్చినోళ్ళను మాత్రం
తమ సీమ పద్ధతిలోనే దాచుకున్నారంట.

జిలీబ్‌లో మేం గదికి ఎనిమిదిమంది.
పోయినేడు రాయచోటి గంగులమ్మ పోతే
పెట్టె విమానమెక్కడానికి ఇరవైరెండు రోజులు.

మొన్న కుండకు అద్దాలపెట్టె మార్చారు.
రాత్రి బల్ల కింద తుడుస్తుంటే
కందిబేడంత మెరుపు.
వేలు తడిచేసి ఎత్తాను.
పదిహేను వందల ఏళ్ళు. బరువే లేదు.
వెలుతురుకు పెడితే లోపల ఎర్రటి మరక,
మా గని సరుకులో ఉన్నట్టే.
నా బొటనవేలి గోరు నన్నడగలేదు.
అంచుకు ఆనింది.
ఊపిరి పట్టాను.
అది విడిపోయింది.

పొద్దున కాగితంలో మడిచి ఇమెల్డాకు ఇచ్చాను.
నా చెయ్యి పట్టుకొని వదల్లేదు ఆ పిల్ల.
లెక్కపుస్తకంలో రాసుకుంది: రేకు, ఒకటి.
అబద్ధమేం కాదు.

బస్సులో బతాకా తీసి చూసుకున్నాను.
ప్లాస్టిక్ తొడుగు కింద కంపెనీ పేరు, గడువు తేదీ,
బెదిరిన నా ఫోటో.
చెంప మీద ఒకచోట,
ఫర్వానియా మలుపులో ఎండ తగిలి,
ఏదో రెప్పేసింది.